మేస్త్రికి ఇష్టం లేని ఉద్యోగం

"రెండే రెండు మాటలు. ఇష్టం లేదు. మూడో మాట రాయడానికి కాగితంలో చోటు లేకపోయిందా?"

పొద్దున్నించి టైలరక్క మొగుణ్ని ఈ మాట ఎన్నిసార్లు అడిగిందో ఆమెకే గుర్తు లేదు. మేస్త్రి గోడకు చేరగిలబడి కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. కంపెనీవాళ్లు తిప్పి పంపిన కాగితం ఒళ్లో ఉంది. చదవడు, తీసి పక్కన పెట్టడు.

"మిమ్మల్నే."

"వింటున్నాను."

"వినడానికి నేనేం రేడియోని కాదు. జవాబు చెప్పమంటున్నాను."

మేస్త్రి కాగితాన్ని ఇంకో మడత పెట్టాడు.

అందులో ఉన్నది టైలరక్కకు నోటికొచ్చేసింది. నెలాఖరుకు ఈ మిల్లు మూసేస్తున్నారు. ఇరవై రెండేళ్లుగా దారానికి రంగు సరిచూస్తున్న మేస్త్రికి తమ రెండో మిల్లులో అదే పని, అదే జీతం, ఉండడానికి ఇల్లు ఇస్తామని కంపెనీ రాసింది. ఆయన ఇష్టం లేదన్నాడు. తగిన ఉద్యోగం చూపించినా సరైన కారణం లేకుండా కాదన్నవాళ్లకు మూసివేత పరిహారం ఇచ్చేది లేదని కంపెనీ జవాబిచ్చింది. చెప్పుకునేదేమైనా ఉంటే ఇవాళ మూడింటికి వచ్చి చెప్పుకోమంది. ఇవాళ దాటితే వినేవాడు లేడు.

ఉంటున్నది కంపెనీ క్వార్టరు. మిల్లుతోపాటు అదీ పోతుంది. ఉద్యోగం వద్దని ఆయన అన్నప్పుడు టైలరక్క పోట్లాడి, ఏడ్చి, చివరికి సర్దుకుని బజారు వెనక రెండు గదులు చూసి వచ్చింది. పరిహారం చేతికి రాగానే అడ్వాన్సు ఇస్తానని ఆ ఇంటావిడకు మాటిచ్చింది. కుట్టుమిషను ఏ కిటికీ కింద పెట్టాలో, పిల్లలిద్దరి మంచం ఎటువైపు వేయాలో అక్కడే నిలబడి తేల్చేసుకుంది కూడా. ఇంకా మనది కాని ఇంట్లో సామాను సర్దేసుకునే పిచ్చి అందరికీ ఉన్నదే.

ఇప్పుడు ఉద్యోగమూ లేదు, పరిహారమూ లేదు. ఇంకో పదకొండు రోజుల్లో పిల్లల్ని, మిషన్ని పట్టుకుని రోడ్డు మీద నిలబడాలి.

"పోనీ దూరమనా?" అంది గొంతు తగ్గించి. "ఊరు మారాలనా? అక్కడ మీకు పడనివాళ్లెవరైనా ఉన్నారా? నాతో చెప్పండి. నేనేమన్నా పరాయిదాన్నా?"

వంటింటి గడపలో కూర్చుని అన్నం గిన్నె తోముతున్న చిట్టి చేయి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ తోమడం మొదలుపెట్టింది. అది ఇందాకే తోమిన గిన్నె.

చిట్టి టైలరక్కకు చెల్లెలు. మూడేళ్ల కిందట ఒక్క పెట్టె పట్టుకుని మొగుడి ఇంట్లోంచి వచ్చేసింది. ఎన్నాళ్లుంటావని బావ ఒక్కసారి కూడా అడగలేదు. పైగా మిల్లులో తన బల్ల దగ్గరే, రంగు చూసిన దారానికి చీటీలు రాసే పని ఇప్పించాడు. ఆమెకూ రెండో మిల్లులో ఉద్యోగం చూపించారు, అదీ పర్మనెంటుగా. ఆమె ఆ రోజే సంతకం పెట్టింది.

తలుపు చప్పుడైంది. వచ్చినవాడు యూనియన్ సెక్రటరీ. మంచినీళ్లు అడగాలన్నా ముందు 'పాయింటేమిటంటే' అంటాడు గనక కాలనీ అంతా ఆయన్ను పాయింటాయన అంటారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. కొంచెం గర్వం కూడా.

"పాయింటేమిటంటే చెల్లెమ్మా," అన్నాడు కుర్చీ అంచున కూర్చుంటూ, "కాదన్నందుకు పరిహారం పోదు. ఊరికే కాదన్నందుకు పోతుంది. కారణం సరైనదైతే వాళ్లు ఇచ్చి తీరాలి. అందుకని అన్నకు కారణం కావాలి. ఒక్కటి చాలు, కానీ గట్టిది."

"దూరమని చెబితే?"

"బస్సు పెట్టారు, ఇల్లిస్తున్నారు. నిలవదు."

"జీతం?"

"పైసా తగ్గలేదు. హోదా కూడా అదే, రంగుల మేస్త్రి. పిల్లల బడి అందామంటే అక్కడ గేటు ఎదురుగానే బడి ఉంది. అన్నీ నేను వెతికాను." పాయింటాయన మేస్త్రి వైపు తిరిగాడు. "ఇక మిగిలింది ఒంట్లో బాగోకపోవడం ఒక్కటే. ఏమైనా ఉందా అన్నా? షుగరో, నడుమో, ఏదైనా సరే."

"నాకేం, రాయిలా ఉన్నాను," అన్నాడు మేస్త్రి.

"రాయిలా ఉన్నవాడికి వాళ్లు రాయే ఇస్తారు." పాయింటాయన లేచాడు. "లోపలికి తోడు రాలేను, మూసివేత లిస్టులో నా పేరూ ఉంది. లిస్టులో ఉన్నవాడు ఇంకొకడికి తోడు రాకూడదట. చెల్లెమ్మా, నువ్వు వెళ్లు. ఇంటి మనిషిని రానిస్తారు."

ఆయన వెళ్లిపోయాడు. ఊరికే కూర్చుంటే ఏడుపొచ్చేలా ఉందని టైలరక్క మిషను ముందు కూర్చుంది. పక్కవీధి టీచరమ్మ కోటుకు అంచు కుట్టాలి. అది గోధుమరంగు కోటు.

"ఆ డబ్బాలోంచి గోధుమరంగు రీలు ఇటివ్వండి," అంది. అడిగింది రీలే గానీ గొంతులో కోపం కోపంగానే ఉంది.

మేస్త్రి రీళ్ల డబ్బా దగ్గరికి జరిగాడు. వేలు ఆకుపచ్చ రీలు మీద ఆగింది.

గడపలో చిట్టి గోరుతో గిన్నె మీద ఒక్కసారి తట్టింది. మేస్త్రి వేలు పక్క రీలు మీదికి జరిగింది. అది గోధుమరంగు. గిన్నె మీద రెండుసార్లు చప్పుడైంది. మేస్త్రి రీలు తీసి అందించాడు.

ఇద్దరిలో ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. తలుపు గడియ పెట్టేటప్పుడు చేతికి ఎంత అలవాటో అంత అలవాటుగా జరిగిపోయింది. టైలరక్క కాలు తొక్కుడుపలక మీదే ఆగిపోయింది.

"చిట్టీ, పెరట్లోకి పో."

"ఎందుకక్కా?"

"పొమ్మన్నాను."

చిట్టి వెళ్లింది. టైలరక్క రీలు డబ్బాలో పడేసి, రీళ్లన్నీ కలిపేసి, డబ్బా భర్త ముందు పెట్టింది. "నల్లది ఇవ్వండి."

మేస్త్రి డబ్బాలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. ఇరవై రెండేళ్లు ఎంతోమంది జీతగాళ్లను, షావుకార్లను ఆ చూపుతోనే హడలుగొట్టాడు. ఒక రీలు తీసి ఆమె చేతిలో పెట్టాడు. అది ముదురు నీలం.

టైలరక్క రీలు వైపు చూసింది, ఆయన వైపు చూసింది.

"ఎప్పట్నించి?"

"రెండేళ్లు దాటింది." ఆయన గొంతు మామూలుగానే ఉంది. "ముందు నీలం, నలుపు కలిసిపోయాయి. తరవాత పచ్చ, గోధుమ. ఇప్పుడు అన్నీ బూడిద వైపే పోతున్నాయి. మనుషులు కనిపిస్తారు, అక్షరాలు కనిపిస్తాయి. రంగే లేదు."

"నాతో ఒక్క మాట అనలేదేం?"

"అంటే ఏం చేసేదానివి?"

"డాక్టరు దగ్గరికి లాక్కెళ్లేదాన్ని."

"అందుకే అనలేదు. ఆ డాక్టరు చీటీ మర్నాటికి మేనేజరు బల్ల మీద ఉంటుంది. రంగు తెలియని రంగుల మేస్త్రిని ఎవరుంచుకుంటారు?"

ఆ మిల్లులో రంగు సరిపోయిందనడానికి సంతకాలు లేవు. కొన్నవాడు పంపిన నమూనా కార్డు పక్కన కొత్తగా రంగేసిన దారం పెట్టి చూసి, సరిపోతే ఆ దారంతోనే కార్డుకు ముడి వేస్తాడు మేస్త్రి. ఒక్కో మేస్త్రి ముడి ఒక్కో రకం. ముడి పడితే ఆ విడత దారమంతా, అంటే ఆ లాటు, బయటికి పోతుంది. ఈ రెండేళ్లూ ఆయన చేతులు ముడి వేశాయి, చిట్టి కళ్లు రంగు చూశాయి. ఆయనకు జ్వరమొచ్చిన రోజున ముడి కూడా చిట్టే వేసింది. రెండేళ్లలో ఒక్క లాటు వెనక్కి రాలేదు. మిల్లు చరిత్రలో అలాంటి రికార్డు లేదని ఆయనకు గడియారం కూడా ఇచ్చారు.

"రెండో మిల్లులో మేస్త్రి దీపాల గదిలో ఒక్కడే కూర్చోవాలి," అన్నాడు. "పక్కన పురుగు కూడా ఉండదు. చేరిన రోజునే కళ్లకు పరీక్ష. ఆ పరీక్షలో దొరికితే దొంగ అని గెంటుతారు. ఉద్యోగం పోతుంది, పరిహారం పోతుంది, వెనక కట్టిన ముడులన్నీ తవ్వుతారు. చిట్టి చీటీలన్నీ బయటికొస్తాయి. అందుకే ఇష్టం లేదని రాశాను. ఇంకేం రాయమంటావు?"

చిట్టి ఎప్పుడు లోపలికి వచ్చిందో, గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"మరైతే కారణం ఉన్నట్టే కదా," అంది టైలరక్క. "కళ్లకంటే గట్టి కారణం ఇంకేముంటుంది? అదే చెబుదాం."

"అక్కా, చెబితే ఎప్పట్నించని అడుగుతారు."

"అడగనీ."

"రెండేళ్లంటే ఆ చీటీలు రాసిన చేయి ఎవరిదని అడుగుతారు. నా పర్మనెంటు పోతుంది. ఈ పని మీద పేరు చెడితే ఇంకే మిల్లూ గేటు దాటనివ్వదు. నాకింకేం ఉందక్కా?"

"నీకేం ఉందా? మూడేళ్లుగా ఈ ఇల్లు ఉంది కదే. దీని తలుపుకే ఇవాళ తాళం పడుతోంది." టైలరక్కకు ఇక పట్టపగ్గాల్లేవు. "సాయం చేశాననుకుంటున్నావేమో. మొదటి రోజే నాతో చెప్పి ఉంటే వైద్యం చేయించేదాన్ని. ఇద్దరూ కలిసి గుట్టుగా నా కొంప ముంచారు. నీ ఉద్యోగం మాత్రం నిక్షేపంగా తేలింది."

చిట్టి చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. రెండింటి షిఫ్టుకు టైమైందంటూ చెప్పులేసుకుంది.

ఆమె గుమ్మం దాటుతుంటే టైలరక్కకు భయమేసింది. అన్న మాటను వెనక్కి తీసుకోవడం ఆమెకు పుట్టుకతోనే రాదు. అందుకని వేరే మాట అంది.

"ఒసేయ్, విను. నెలగానే కనిపించడం లేదని చెబుదాం. మిల్లు మూస్తున్నారన్న దిగులుతో కళ్లు పోయాయంటాం. అప్పుడు నీ చీటీల జోలికెవరూ రారు."

చిట్టి గుమ్మంలో ఆగింది. వెనక్కి తిరగలేదు. "సరే," అని వెళ్లిపోయింది.

*

మేనేజరు గదిలో బీరువాలు సగం అప్పుడే తీసేశారు. అవి నిలబడిన చోట గోడకు పాత సున్నం కొత్తగా కనిపిస్తోంది. మేనేజరు లేచి మేస్త్రికి కుర్చీ చూపించాడు. వయసులో మేస్త్రికంటే పన్నెండేళ్లు చిన్న. ఉద్యోగంలో చేరిన కొత్తలో రంగు గురించి నాలుగు ముక్కలు నేర్చుకోవడానికి ఈయన వెనకే తిరిగినవాడు.

"కూర్చోండి మేస్త్రిగారూ. అమ్మా, మీరూ కూర్చోండి. నాకు నిజంగా బాధగా ఉంది. రెండో మిల్లులో ఈ ఉద్యోగం మీకోసం నేనే అడిగి తెచ్చాను. మీలాంటి కన్ను ఇంకొకరికి లేదని రాసి మరీ తెచ్చాను. మీరేమో ఇష్టం లేదన్నారు."

టైలరక్క అందుకుంది.

"ఆయనకు కళ్లు సరిగా కనిపించడం లేదు సార్. రంగులు తెలియడం లేదు. నెల అయింది."

మేనేజరు ఆమె వైపు జాలిగా చూశాడు. ఆ జాలి ఆమెకు నచ్చలేదు.

"డాక్టరు కాగితం ఉందా?"

"భయపడి వెళ్లలేదు సార్."

ఆయన బల్ల మీది పెద్ద పుస్తకం తెరిచి, కాగితాలు తిప్పి, ఒక చోట వేలు పెట్టాడు. "ఈ నెలలో ఇరవై ఆరు లాట్లు పోయాయి. ఇరవై ఆరింటికీ మేస్త్రిగారి ముడే ఉంది. ఒక్కటీ తిరిగి రాలేదు. కళ్లు లేకుండా ఎలా వేశారు?"

మేస్త్రి తల దించుకున్నాడు. నెల అని చెప్పడం టైలరక్క తెలివే. ఆ నెలలోనూ ముడులు పడుతూనే ఉన్నాయన్న సంగతి ఆ తెలివికి తట్టలేదు.

"నేను పోలీసును కాను," అన్నాడు మేనేజరు మెల్లగా. "కానీ పైకి ఏదో ఒకటి రాయాలి. కళ్లు బాగుంటే కారణం లేకుండా కాదన్నారని రాస్తాను. బాగాలేకపోతే పరిహారం ఇప్పిస్తాను. అప్పుడు ఆ ముడులు ఎవరు వేశారో కూడా రాయాలి. ఎందుకొచ్చిన గొడవ, ఇక్కడే చూసేద్దాం."

కిటికీ దగ్గర ఒక నమూనా కార్డు పెట్టాడు, దాని పక్కన మూడు దారపు చుట్టలు. "ఇదే మన ఆఖరి లాటు. సరిపోయినదానితో ముడి వేయండి."

మేస్త్రి లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. తప్పు చుట్ట ఏరితే చాలు, పరిహారం వస్తుంది. కానీ తప్పు ఏరాలన్నా ఒప్పు ఏదో తెలియాలి కదా. ఆయనకు మూడూ ఒకటే. పైగా వెలుగులో దారం చేతికి రాగానే ఆయన పరిహారం సంగతి మరిచిపోయినట్టున్నాడు. ఒక్కో చుట్టను విప్పి, వేలికి చుట్టి, పక్కకు వంచి, దూరం పెట్టి చూశాడు. నుదురు చెమట పట్టింది. చివరికి మధ్య చుట్టలోంచి దారం తెంపి తన ముడి వేశాడు.

పొద్దస్తమానం గుడ్డకు దారం జతచేసే టైలరక్కకు కూర్చున్న చోటి నుంచే తెలిసిపోయింది. కార్డు మీదిది లేత పచ్చ. ఈయన కట్టింది ఎండిన ఆకు రంగు. ఇద్దరం గట్టెక్కాం అనుకుంది. మరుక్షణం చిట్టి గుర్తొచ్చింది.

మేనేజరు కార్డు ఎత్తి చూసి పెదవి విరిచాడు. "నాకన్నీ పచ్చగానే ఉన్నాయి. అది తెలియకే కదా మిమ్మల్ని పెట్టుకున్నాం." బంట్రోతును పిలిచాడు. "చీటీలు రాసే అమ్మాయిని రమ్మను."

"ఆమె మా చెల్లెలు సార్," అంది టైలరక్క గబగబా. "ఆమె చెప్పేది మీరు నమ్మరేమో."

"తెలుసమ్మా. ఆమె అబద్ధమాడితే మీకు పరిహారం వచ్చేలాగే ఆడాలి. సరిపోలేదని అంటే ఇంకొకర్ని అడుగుతాను. సరిపోయిందని అంటే ఇక అడగక్కర్లేదు."

చిట్టి వచ్చింది. అక్కను చూసింది, బావను చూసింది, బల్ల మీద తెరిచి ఉన్న పుస్తకాన్ని చూసింది. ఆ పేజీ నిండా ఉన్నది తన చేతిరాతే.

"ముడి సరైనదేనా చూడమ్మా," అన్నాడు మేనేజరు.

కార్డు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. చూడడానికి ఆమెకు రెప్పపాటు చాలు. అయినా చాలాసేపు అటే తిరిగి నిలబడింది. కార్డు పట్టుకున్న చేయి కనిపిస్తోంది గానీ ముఖం కనిపించలేదు.

"సరిపోయింది సార్."

టైలరక్క చెల్లెలి వీపు వైపు చూస్తూ ఉండిపోయింది.

మేస్త్రి మాత్రం మెల్లగా తలెత్తాడు. రెండేళ్లుగా చిట్టి ఏ రంగంటే ఆయనకు అదే రంగు. ఆ మాటను శంకించడం ఆయనకు తెలియదు.

"సరిపోయిందా?" అన్నాడు. "ఏదీ, ఇంకోసారి చూడు."

"సరిపోయింది బావా."

ఆయన కార్డు తీసుకుని ఆ ముడిని బొటనవేలితో నిమిరాడు. వంగిన నడుం నిటారైంది. "చూశావా," అన్నాడు భార్యతో. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "మూడింట్లో ఒకటి ఏదో తేడాగా ఉందనిపించింది. ఊహేమో అనుకున్నాను. పోలేదే, నా చూపు పోలేదు. తిరిగొస్తోంది."

ఆయన ముఖంలో అంత వెలుగు చూసి ఎన్నేళ్లయిందో టైలరక్కకు గుర్తు రాలేదు.

"నేను చెప్పలా మేస్త్రిగారూ," అన్నాడు మేనేజరు. ఆయనా నిజంగానే సంతోషించాడు. "దిగులుకు అలాగే అనిపిస్తుంది. ఇంకా మించిపోలేదు. సాయంత్రం దాకా గడువుంది. ఒప్పుకుంటున్నానని ఒక్క సంతకం పెట్టండి, సోమవారం అక్కడ చేరిపోవచ్చు."

"పెన్నివ్వండి," అన్నాడు మేస్త్రి. "చేరతాను."

మేనేజరు సొరుగులోంచి కొత్త కాగితం తీసి బల్ల మీద పరిచాడు. రెండో పేరాలో కంటి పరీక్ష సంగతి పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ అక్షరాలు మేస్త్రికి కనిపిస్తాయి గానీ, ఆయన వాటి వైపే చూడలేదు. సంతకం పెట్టాల్సిన గీత కోసం కిందికి వంగాడు.

పెన్ను కాగితానికి ఆనేలోగా టైలరక్క అరచేయి ఆ గీత మీద పడింది.

"ఏమిటే?" అన్నాడు మేస్త్రి, నవ్వు ముఖం ఇంకా అలాగే ఉంచి.

"ఏమైనా చెప్పాలా అమ్మా?" అన్నాడు మేనేజరు.

చేయి తీస్తే సోమవారం ఆ పరీక్షలో మొగుడు దొరుకుతాడు, నోరు తెరిస్తే ఇప్పుడే చిట్టి దొరుకుతుంది. ఇద్దరూ ఆమె వైపు చూస్తున్నారు. చిట్టి మాత్రం కిటికీ దగ్గరి నుంచి ఇటు తిరగలేదు.